పీక్ వేరు, లౌడ్‌నెస్ వేరు

తిరుపతి

చిరంజీవులకు ఆశీస్సులు.

తాతయ్యగుంట గంగమ్మ జాతర వీడియోలో డప్పు చెవులు అదరగొడుతోంది, వెంటనే వచ్చే అవ్వ మాట వినబడటం లేదు, పీక్ మాత్రం రెండిటికీ మైనస్ 1 డీబీనే ఉంది, ఇదెట్లా అని అడిగారు కదా. పీక్ అంటే ఫైలు మొత్తంలో ఏదో ఒక్క క్షణం శబ్దం చేరుకున్న ఎత్తు, అంతే. అవ్వ మాట్లాడేటప్పుడు పక్కన చెంబు పడితే ఆ పీక్ చెంబుదే. చెవికి ఎంత గట్టిగా తోస్తుందో తెలియాలంటే లౌడ్‌నెస్ కొలవాలి. దాన్ని ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలమానంలో చెబుతారు.

దీన్ని కొలవడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఆడియో, వీడియో సాఫ్ట్‌వేర్ వాడదాం; అందులో ఈబీయూఆర్128 అనేది లౌడ్‌నెస్ కొలిచే ఫిల్టర్. టెర్మినల్, అంటే కంప్యూటర్‌కు ఆదేశాలు టైప్ చేసే కిటికీ, తెరిచి ఇంగ్లీషు చిన్నక్షరాల్లో వరసగా కొట్టండి: ఎఫ్ఎఫ్ఎంపెగ్, హైఫన్‌తో ఐ, ఫైలు పేరు, హైఫన్‌తో ఏఎఫ్, ఈబీయూఆర్128=పీక్=ట్రూ, హైఫన్‌తో ఎఫ్, నల్, చివర ఒంటి హైఫన్. ముక్కకూ ముక్కకూ మధ్య ఖాళీ వదలండి, సమాన గుర్తు పక్కన వద్దు. చివరి హైఫన్ మరిస్తే అవుట్‌పుట్ ఫైలేదని ఎర్రర్ వస్తుంది. పేరులో ఖాళీలుంటే డబుల్ కోట్స్‌లో పెట్టండి. ఫైలు మారదు, కొలత మాత్రమే వస్తుంది.

చివర వచ్చే సమ్మరీలో ‘ఐ’ దగ్గరున్న అంకె చూడండి. డప్పుకు మైనస్ 13, అవ్వకు మైనస్ 27 ఉంటే, తేడా 14. మీ చెవి చెప్పింది నిజమే. ఈ కొలత 400 మిల్లీసెకన్ల ముక్కలుగా సాగుతుంది. మైనస్ 70 కంటే తక్కువున్న ముక్కల్ని వదిలేసి, మిగిలినవాటి సగటుకు 10 కిందున్నవాటినీ తీసేస్తుంది. అందుకే అవ్వ ఎంతసేపు ఆగి మాట్లాడినా అంకె పడిపోదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోనే ఉన్న వాల్యూమ్‌డిటెక్ట్ అనే ఇంకో ఫిల్టర్ ఇచ్చే సగటులో ఆ మౌనం కూడా కలుస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు.

అవ్వ రికార్డింగ్ మోనో, అంటే ఒకే ఛానెల్‌ది, అయితే ఇంకో చిక్కు. అదే శబ్దం రెండు స్పీకర్లలో వచ్చినప్పటికంటే అంకె 3 తక్కువ చూపిస్తుంది. ఈబీయూఆర్128 ముక్క చివర కోలన్ పెట్టి డ్యూయల్‌మోనో=ట్రూ చేర్చి మళ్లీ కొలవండి.

టీవీకి యూరప్ ప్రసార ప్రమాణం మైనస్ 23. ఫోన్లో వినడానికి మైనస్ 16 పెట్టుకోండి. డప్పుకు వాల్యూమ్=-3డీబీ ఫిల్టర్ చాలు. అవ్వ ఇప్పుడు మైనస్ 24 అయినా 8 డీబీ పెంచాలి, పీక్ మైనస్ 1 దగ్గరుంది కాబట్టి అట్లాగే పెంచితే చెంబు మోత పగిలిపోతుంది. లౌడ్‌నెస్‌ను తానే సరిచేసే లౌడ్‌నార్మ్ ఫిల్టర్‌కు అప్పగించినా, పీక్‌కు చోటు లేకపోతే అది డైనమిక్ పద్ధతికి మారి మాటను తనకు తోచినట్టు ఎత్తి దించుతుంది. ఎడిటర్‌లో ఆ చెంబు చప్పుడొక్కటే తగ్గించి, మళ్లీ కొలిచి, అప్పుడు పెంచండి. లౌడ్‌నార్మ్ వాడితే హైఫన్‌తో ఏఆర్ 48000 చేర్చండి, లేకుంటే శాంపిల్ రేటు, అంటే సెకనుకు తీసే శబ్ద నమూనాల లెక్క, 192 కిలోహెర్ట్జ్‌కు పోయే అవకాశముంది.

మీ పెద్దనాయన