చెవి నొప్పిని ఓర్చుకోకండి: డైవింగ్‌ మీద అపోహలు, వాస్తవాలు

అండమాన్‌ దీవుల్లోని హేవ్‌లాక్‌లో (2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ బోటు వాళ్లెవరూ అలా పిలవరు) తెలుగు జంట స్కూబా డైవింగ్‌కి మా డుంగీ (చిన్న బోటు) ఎక్కిన అయిదు నిమిషాల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "చెవులు కాస్త నొప్పెడతాయంట కదా అన్నా, ఓర్చుకుంటే సర్దుకుంటుందంట." ఎవరు చెప్పారని అడిగితే, పోయినేడు వచ్చి వెళ్లిన ఆఫీసు ఫ్రెండు. ఆ ఫ్రెండు ఒక్కసారి నాకు దొరికితే బాగుండు.

సర్దుకోదు. నొప్పి మొదలైందంటే అప్పటికే ఆలస్యమైపోయింది. అరకు ఘాట్ దిగుతుంటే చెవులు దిబ్బళ్లు వేస్తాయి, గుటకేస్తే టప్‌మని తెరుచుకుంటాయి, గుర్తుందా? ఆ కొండంతా దిగితే ఎంత ఒత్తిడి మారుతుందో, నీళ్లలో ఒక్క మీటరు దిగితే దాదాపు అంత మారుతుంది. కొత్తవాళ్లను మేము 12 మీటర్ల దాకా తీసుకెళ్తాం. లెక్క మీరే వేసుకోండి.

నీటి ఒత్తిడి కర్ణభేరిని లోపలికి నెడుతుంది. గొంతు వెనక నుంచి చెవిలోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే అందులోంచి గాలి వెళ్లి లోపలా బయటా సమానమవుతుంది. తల మునగగానే మొదలుపెట్టాలి, దిగుతున్నంతసేపూ అర మీటరుకోసారి చేస్తూనే ఉండాలి. ఆలస్యం చేస్తే ఒత్తిడికి ఆ గొట్టం అతుక్కుపోతుంది, ఇక ఎంత ఊదినా తెరుచుకోదు. మొండిగా గట్టిగా ఊదితే లోపలి చెవికే దెబ్బ. చెవి చూపించి అరచేతిని అటూ ఇటూ ఊపండి, ఒక మీటరు పైకి తీసుకెళ్తాం, మళ్లీ ప్రయత్నిద్దాం. అయినా తెరుచుకోకపోతే ఆ రోజుకి డైవ్ లేదు. డబ్బులు పోతాయని టెన్షన్ పడకండి, చెవి పోవడం కన్నా నయం.

జంటల్లో ఈ గొడవ ఎక్కువ. భార్య చెవి చూపించి మూడుసార్లు ఆగుతుంది, నాలుగోసారి హాయిగా దిగిపోతుంది. భర్త మాత్రం భార్య ముందు చిన్నబోతానని పళ్లు బిగిస్తాడు. రెండేళ్ల కిందట రాజమండ్రి నుంచి ఒక జంట వచ్చారు. ఆయనకు జలుబు, అంటే ఆ గొట్టం మూసుకుపోయినట్టే. ఫారంలో 'లేదు' అని రాసి, ముక్కులో చుక్కలు వేసుకుని దిగారు. అయిదు మీటర్ల దగ్గర మొహం చిట్లించి ఉన్నవారు ఉన్నట్టుండి నవ్వారు. నొప్పి పోయిందట! నేను వెంటనే ఆయన భుజం పట్టీ పట్టుకున్నాను. నొప్పి అలా ఒక్కసారిగా మాయమైతే సర్దుకున్నట్టు కాదు, కర్ణభేరి చిరిగినట్టు. చల్లటి నీళ్లు లోపలికి పోయి మరుక్షణంలో ఆయనకు పైకేదో కిందేదో తెలియలేదు, రెండు చేతులతో నా మోచెయ్యి పట్టేసుకున్నారు. పైకొచ్చాక మాస్కులో కాస్త రక్తం. చిన్న చిరుగే, కొన్ని వారాల్లో దానంతటదే మానుతుందని డాక్టరు చెప్పారు. కానీ మిగిలిన నాలుగు రోజులూ ఆయన బోటులో గేలం పట్టుకుని కూర్చున్నారు, ఆవిడ డైవ్‌లు చేసింది. "నువ్వెళ్లు, నువ్వెళ్లు" అనేవారు గానీ, ఆ మొహం చూడలేకపోయాను.

నాకు ఈ విషయంలో కోపం ఎందుకంటే, మేము పోర్ట్ బ్లెయిర్‌ జంగ్లీఘాట్‌లో పెరిగాం. ట్రోకస్ గవ్వల కోసం దమ్ము పట్టి దూకేవాళ్లు మా చుట్టుపక్కల ఉండేవారు. నాన్న స్నేహితుడొకాయన్ని పలకరించాలంటే ఎప్పుడూ కుడిపక్కకి వెళ్లి నిలబడాలి. ఎడమ చెవి ఆయనకి పెళ్లికి ముందే పోయింది. ఆ రోజుల్లో ఆయనకి చెప్పేవాళ్లు లేరు, మీకున్నారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని చేయించే మొదటి డైవ్ చేయొచ్చు. భయంగా ఉందని చెప్పేవాళ్లంటే నాకిష్టం, వాళ్లు మాట వింటారు. వీపున ఉండేది ఆక్సిజన్ కాదు, ఒత్తి నింపిన మామూలు గాలి. నీళ్లలో బొటనవేలు ఎత్తితే 'సూపర్' అని కాదు, 'పైకి పోదాం' అని. సంతోషంగా బొటనవేలు చూపించి, ఎందుకు పైకి తెచ్చావని నాతో గొడవపడ్డవాళ్లున్నారు. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకండి. 10 మీటర్ల లోతున పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది, బిగబడితే ఊపిరితిత్తులు చిరగొచ్చు. ఇది చెవి కన్నా చాలా పెద్ద ప్రమాదమే, కానీ చెబితే అందరూ వింటారు. చెవి సంగతే ఎవరూ వినరు.

చివరి రోజు ఉదయం డైవ్, మధ్యాహ్నం ఫ్లైట్ అని ప్లాన్ వేయకండి. ఒక్క డైవ్‌కే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాలి. నేనైతే అందరికీ 24 చెప్తాను. చివరి రోజు గేలం వేసుకోండి. ఇక ఖాళీ దీవిలో టెంటు వేసుకుని ఇద్దరమే ఉందామనే ఆశ... అనుమతి లేకుండా రాత్రి ఉండనివ్వరు. ఇక్కడి మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి, 2010లో ఈ దీవిలోనే ఒక టూరిస్టు ప్రాణం పోయింది. పగడపు ముక్క ఒక్కటైనా బ్యాగులో పెట్టుకోకండి, నేరం.

రాజమండ్రి ఆయన పోయిన జనవరిలో మళ్లీ వచ్చారు, చెవి పూర్తిగా మానిందని డాక్టరు రాసిచ్చిన కాగితంతో. జెట్టీ నుంచి డైవ్ చోటు దాకా ముక్కు మూసుకుని ఊదుతూనే ఉన్నారు. బోటు నడిపే బెంగాలీ కుర్రాడు కాసేపు చూసి, అడుగునున్న చేపల బుట్ట మీద గోనెపట్టా కప్పి, "వాసన పడట్లేదా దాదా?" అన్నాడు.