పాలిచ్చే తల్లి, సుగంధ తైలాలు: జాగ్రత్త ఎక్కడ అవసరం?

బాలింతకు జలుబు చేస్తే మన ఇళ్లలో ముందుగా బయటికి వచ్చేది నీలగిరి తైలం సీసా. నడుము నొప్పికి బామ్, తలనొప్పికి కర్పూరం కాచిన కొబ్బరినూనె సిద్ధంగా ఉంటాయి. ఇటీవల లావెండర్, టీ ట్రీ, పెప్పర్‌మింట్ తైలాలు కూడా వీటి పక్కన చేరాయి. ఇవి చనుబాలలోకి దిగుతాయా అని తల్లులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే పాలలోకి దిగే కొద్దిపాటి తైలం కన్నా, తల్లి ఒంటి మీద నుంచి బిడ్డ ముక్కుకూ నోటికీ నేరుగా చేరే తైలం గురించే ఎక్కువగా ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పాల సంగతి ముందు చూద్దాం. ఈ తైలాల్లోని అణువులు చిన్నవి, కొవ్వులో తేలికగా కరిగేవి. అందుచేత అవి రక్తంలో నుంచి పాలలోకి చేరగలవు. డెన్మార్క్ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో, పాలిచ్చే తల్లులకు కొన్ని సుగంధ ద్రవ్యాలను గొట్టం మాత్రలుగా ఇచ్చి, ఆ తర్వాత కొన్ని గంటల పాటు వారి పాలను పరీక్షించారు. సోంపు వాసనకు మూలమైన అనెథోల్ సుమారు 2 గంటలకు పాలలో గరిష్ఠ స్థాయికి చేరింది. పుదీనా చల్లదనానికి మూలమైన మెంథాల్ తక్కువ మోతాదులో 2 నుంచి 8 గంటల దాకా కనిపించింది. కనిపించిన పరిమాణాలన్నీ అత్యల్పమే. కాబట్టి చారులో వేసిన వాము గురించి, భోజనం తర్వాత నమిలిన సోంపు గురించి ఏ తల్లీ బెంగపెట్టుకోనక్కరలేదు.

మితి మీరితే మాత్రం ఫలితం వేరుగా ఉంటుంది. ఇటలీలో ఇద్దరు తల్లులు పాలు పెరగాలని సోంపు జాతి గింజలు, అతిమధురం వంటివి కలిపిన మూలికల టీని రోజుకు 2 లీటర్లకు పైగా తాగారు. వారి పసికందులు మత్తుగా పడి ఉండడం, వాంతులు చేసుకోవడం 1994లో వైద్య పత్రికకెక్కింది. టీ మానేశాక పిల్లలు కోలుకున్నారు. అది కేవలం టీ. తైలం అంతకన్నా ఎన్నో రెట్లు చిక్కన. వాము గింజల్లో తైలం సుమారు 2 నుంచి 4 శాతమే ఉంటుంది గనుక, ఒక మిల్లీలీటరు తైలం దిగాలంటే దాదాపు 25 నుంచి 50 గ్రాముల వాము కావాలి. వంటింటి దినుసే కదా అని దాని తైలాన్ని వేడినీళ్లలో చుక్కలుగా వేసుకుని తాగడం పాలిచ్చే తల్లికి ఏమాత్రం తగదు.

ఇక అసలు ప్రమాదం. చంటిబిడ్డ ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలంలోని సినియోల్ వంటి ఘాటైన ద్రవ్యాలు ఆ ముక్కుకు దగ్గరగా తగిలితే, గొంతు బిగుసుకుపోయి కొద్దిసేపు ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. కర్పూరం మింగినా, చర్మం గుండా ఎక్కువగా ఇంకినా పసిపిల్లలకు మూర్ఛలు రావచ్చు. కర్పూరాన్నీ మెంథాల్‌నూ విరిచి బయటికి పంపే శక్తి నవజాత శిశువు కాలేయానికి ఇంకా పూర్తిగా రాదు; జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్న బిడ్డల్లో వీటివల్ల కామెర్లు ముదరవచ్చు. ఇలాంటి లేపనాల డబ్బాల మీద రెండేళ్ల లోపు పిల్లలకు వాడరాదని రాసి ఉండేది ఇందుకే. మరి తల్లి తన ఛాతీకి అదే లేపనం రాసుకుని బిడ్డను రొమ్ముకు హత్తుకుంటే, ఆ హెచ్చరికకు అర్థమేముంటుంది?

వాసన విషయంలో మరొకటి కూడా ఉంది, నన్ను ఎంతో కదిలించే విషయం. అప్పుడే పుట్టిన 30 మంది శిశువులను తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టినప్పుడు, కడిగిన రొమ్మును వదిలి కడగని రొమ్మునే 22 మంది ఎంచుకున్నారని స్వీడన్ పరిశోధకులు 1994లో తెలిపారు. బిడ్డకు దారి చూపేది తల్లి సహజమైన వాసన. దాని మీద ఘాటైన పరిమళాన్ని పులమడం ఎందుకు?

చనుమొనలు చిట్లకుండా పుదీనా (పెప్పర్‌మింట్) కాపాడుతుందన్న మాటకు ఆధారం లేకపోలేదు: ఇరాన్‌లోని తబ్రీజ్‌లో 2007లో జరిగిన పరీక్షలో పుదీనా నీరు మేలు చేసింది. కానీ అక్కడ వాడింది పలుచని పుదీనా నీరు, తైలం కాదు. అలాంటిది ఏది రాసుకున్నా పాలిచ్చాకే రాసుకోవాలి, మళ్లీ పాలిచ్చే ముందు శుభ్రంగా తుడిచేయాలి. పుదీనా తైలం పాలను తగ్గిస్తుందన్న ప్రచారానికి మాత్రం గట్టి రుజువులు లేవు.

తైలం వాడాలనే అనుకుంటే, 30 మిల్లీలీటర్ల కొబ్బరి లేదా నువ్వుల నూనెలో సుమారు 6 చుక్కలు, అంటే 1 శాతం, కలిపి నడుముకో కాళ్లకో రాసుకుని, చేతులు కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవడం మేలు. ఆవిరి పట్టడం, తైలం వాసనను గదంతా పరిచే డిఫ్యూజర్ పెట్టుకోవడం బిడ్డ లేని గదిలోనే జరగాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, కామెర్లున్న బిడ్డ, ఊపిరి ఇబ్బంది ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే డాక్టరును అడగకుండా ఏదీ వాడకూడదు.

సీసాలను మందుల్లాగే ఎత్తున, తాళం వేసి ఉంచాలి. అమెరికాలో ఆముదమనుకుని పిల్లలకు కర్పూర తైలం పట్టిన ప్రమాదాలు పదేపదే జరగడంతో 1980ల తొలినాళ్లలో దాని అమ్మకాన్నే నిషేధించారు. 20 శాతం గాఢత ఉన్న ఆ తైలం ఒక్క చెంచాలో సుమారు ఒక గ్రాము కర్పూరం ఉంటుంది; పసిబిడ్డ ప్రాణానికి అది చాలు. బిడ్డ ఏ తైలమైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, 108కి ఫోన్ చేసి, ఆ సీసాను కూడా వెంట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.