వాన నీళ్లకు ఆ రంగు ఎక్కడిది?

చిట్టితల్లికీ, నీ భుజం మీదుగా తొంగిచూస్తూ చదివే తమ్ముడికీ తాతయ్య ఆశీస్సులు.

"పైనుంచి పడే వానకు రంగు లేదు, మరి చేలోంచి వచ్చే నీళ్లు అంత ఎర్రగా ఎందుకున్నాయి తాతయ్యా?" అని అడిగావు. ఆ రంగు చేనిదేనమ్మా. పాల మీద మీగడ ఉంటుందే, అలాంటి మట్టి అది.

కుళ్లిన ఆకులూ వేర్లూ కలిసిన సారం ఎక్కువగా పైన జానెడు మట్టిలోనే ఉంటుంది. గిన్నె వంచితే ముందు జారేది మీగడే కదా! వాలు చేలో వాన చేసేదీ అదే. తేలికైన సారం ముందు కొట్టుకుపోతుంది, ఇసుకా రాళ్లూ మిగులుతాయి. అయితే పాలు మళ్లీ కాస్తే మీగడ మళ్లీ కడుతుంది. అంగుళం మందం మట్టి తయారు కావాలంటే వందల ఏళ్లు పడుతుంది.

నీ వయసులో నాకు వాన వెలిసిందంటే ఏడుపొచ్చేది. చేను దిగువ మూలన పేరుకున్న ఒండ్రును నాన్న గంపకెత్తేవారు, నేను నెత్తిన పెట్టుకుని ఎగువకు మోసేవాణ్ని. మెడ నొప్పి పుట్టేది. "పోయేది ఎంతని, ఇంత కష్టం?" అన్నానొకరోజు. నాన్న నన్ను కూర్చోబెట్టి ఒక గులకరాయి చూపించారు. చుట్టూ మట్టి కొట్టుకుపోయి, రాయి కింద మాత్రం చిన్న దిమ్మెలా మిగిలింది. చినుకు దెబ్బను రాయి కాచిందన్నమాట. పెద్ద చినుకు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగులుతుంది మరి.

ఆ దిమ్మె ఎత్తే మన లెక్క. 1 మిల్లీమీటరు ఉందనుకో. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి పోయిన మట్టి 4 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు సుమారు 1.3 టన్నులు తూగుతుంది. అంటే 5 టన్నుల పైమాటే! స్కేలు మీద రెండు చిన్న గీతల మధ్య ఖాళీ అంతేనమ్మా అది. అన్నేసి గంపలు నేనెప్పుడు మోశాను?

మట్టిలో నూటికి 1 వంతు సేంద్రియ పదార్థం, అంటే ఆ కుళ్లిన ఆకుల, వేర్ల సారం ఉంటే, 50 కిలోలకు పైగా సారం పోయినట్టు. 50 కిలోల పశువుల ఎరువు వేసేస్తే సరిపోదు. అందులో సగం దాకా నీళ్లే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి, నిలిచేది ఐదో వంతో, ఇంకా తక్కువో. అందుకే అర టన్ను, ఒక్కోసారి టన్ను దాకా వేయాలి. అప్పుడు కూడా తిరిగొచ్చేది సారమే, మట్టి కాదు. కాబట్టి ముందు పోకుండా చూసుకోవాలి. వాలుకు అడ్డంగా దున్నాలి. నేలను బోసిగా వదలకుండా గడ్డో, పచ్చిరొట్టో కప్పి ఉంచాలి. కోసిన పైరు మోళ్లను తగలబెట్టకూడదు, నాకు అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక నువ్వు చేయాల్సింది. ఈసారి గట్టి వాన వెలిశాక స్కేలు పట్టుకుని వెళ్లు. పది గులకరాళ్ల కింద దిమ్మెలు కొలిచి సగటు తీయి. ఒక గాజు సీసాలో ఆ ఎర్ర నీళ్లు పట్టి, కదపకుండా కిటికీలో పెట్టు. ముందు ఇసుక దిగుతుంది. తెల్లారినా బంకమట్టి ఇంకా నీళ్లలో తేలుతూనే ఉంటుంది. పైన నల్లటి నలుసులు కనిపిస్తే, వేలి కొసన తీసి వెలుతురులో పెట్టి చూడు. అదొక ఆకు ముక్కో, వేరు పోగో అయి ఉంటుంది. తమ్ముడికీ చూపించు.

మీ తాతయ్య