చేపకు అనుమానం ఎందుకొస్తుంది?

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. "మా నింఫ్ ట్రౌట్ చేప ముక్కు ముందు నుంచే పోతోంది, అది చూస్తోంది కూడా, అయినా నోరు తెరవదేం తాతయ్యా?" అని అడిగారు. ఫ్లై, అంటే నీటి అడుగు పురుగులా కనిపించేలా గాలానికి కట్టిన ఆ నింఫ్ ఎర, సరిగ్గా కట్టలేదేమోనని మీ బెంగ. చాలాసార్లు లోపం కట్టడంలో ఉండదు, దాని నడకలో ఉంటుంది.

సెలయేటి నీళ్లన్నీ ఒకే వేగంతో పారవు. పైన దూకుడుగా పోతాయి, అడుగున రాళ్లకు ఒరుసుకుంటూ నెమ్మదిగా కదులుతాయి. రద్దీ వీధిలో పెద్దాయన చెయ్యి పట్టుకుని నడిచే పిల్లవాణ్ణి ఊహించుకోండి. పెద్దాయన నీటి మీద పడ్డ మీ లైను, పిల్లవాడు అడుగునున్న నింఫ్. ఆయన పెద్ద పెద్ద అంగలేస్తుంటే వీడు వెనకాల ఈడ్చుకుపోతుంటాడు. మిగతా పిల్లలంతా తాపీగా నడుస్తుంటే వీడొక్కడే పరుగు! చూసేవాళ్లకు అనుమానం రాదూ? చేపకూ అంతే.

కాబట్టి పెద్దాయన్ని ఆ రద్దీలోంచి తప్పించాలి. వాగు చిన్నదే కదా, దూరం విసరక్కర్లేదు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఉంటుంది గనుక దిగువ నుంచి, నీడ పడకుండా, మెల్లగా దగ్గరికి వెళ్లండి. ఎగువకు విసిరి, రాడ్ కొన పైకెత్తి, లైను నీటిని తాకకుండా పట్టుకోండి. లైను చివర కట్టే సన్నటి దారం, టిప్పెట్, ఒక్కటే నీళ్లలోకి దిగాలి. ఇక నింఫ్‌తో పాటే కొనను దిగువకు నడిపించండి. లాగితే మళ్లీ పరుగే. మరీ వదులైతే వాడెక్కడ ఆగాడో మీకు తెలియదు. పట్టు సరిగ్గా ఉంటే వాడు ఏ బొమ్మల కొట్టు ముందో ఆగగానే మీ చేతికి తెలుస్తుంది. దారం క్షణం ఆగినా, పక్కకు జరిగినా మణికట్టు కొద్దిగా ఎత్తండి. చాలాసార్లు అది రాయే అవుతుంది. వాడు బొమ్మ చూసి ఆగాడో, చెప్పు ఊడి ఆగాడో మనకేం తెలుసు! అయినా ఎత్తండి. నచ్చనిదాన్ని ఉమ్మేయడానికి చేపకు ఎంతోసేపు పట్టదు.

నింఫ్ అడుగుకు చేరకపోతే ఇదంతా దండగ. ఇంగ్లండ్‌లో ఏవన్ నదికి కాపలా ఉన్న ఫ్రాంక్ సాయర్ ఫెజెంట్ అనే పక్షి తోక ఈకల్ని దారంతో కాకుండా సన్నని రాగి తీగతో కట్టాడు. కట్టేదీ ఆ తీగే, ముంచేదీ ఆ తీగే. ఎంత తెలివి! ఇప్పుడు నింఫ్‌ను ముంచడానికి సీసం కన్నా బరువైన టంగ్‌స్టన్ లోహపు పూసలొచ్చాయి. లోతు లేనిచోట పెద్ద పూస వాడకండి, రాళ్లలో ఇరుక్కుంటుంది.

మీ వయసులో నాకు గాలం కన్నా రాళ్లంటేనే ఇష్టం. ఓసారి రాయి తిప్పితే ఒక పుల్ల నడుచుకుంటూ పోయింది! అది కాడిస్ పురుగు. తన నోటి నుంచి వచ్చే పట్టుతో ఇసుక రేణువులూ పుల్లముక్కలూ అతికించి ఇల్లు కట్టుకుంటుంది. ఇంట్లోవాళ్లు కేకేసే దాకా దాని వెంటే ఉన్నాను. మేఫ్లై అనే పురుగు సంగతి ఇంకా వింత. నెలల తరబడి నీటి అడుగున బతుకుతుంది. రెక్కలొచ్చాక మహా అయితే ఒకటి రెండు రోజులు, అప్పుడు తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు. ఎందుకలా అని మాత్రం నన్నడక్కండి, తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈ ఆదివారం రాడ్ ఇంట్లోనే పెట్టి, పెద్దవాళ్లను తోడు తీసుకుని వాగుకు వెళ్లండి. ఒక రాయి తిప్పండి. దానికింద కనిపించే పురుగుకు తోకలు రెండుంటే స్టోన్‌ఫ్లై అనే పురుగు కావచ్చు, మూడుంటే చాలావరకు మేఫ్లై. చూశాక రాయిని ఎలా ఉన్నదలాగే పెట్టేయండి, దాన్నే నమ్ముకుని ఎన్నో ప్రాణులుంటాయి. మీ పెట్టెలో ఆ రంగుకీ ఆ సైజుకీ దగ్గరగా ఏ ఫ్లై ఉందో వెతికి, నాకు రాయండి.

మీ
తాతయ్య