డెమోలో చాప్టర్ పూర్తి చేయనక్కర్లేదండీ

మార్చి వచ్చిందంటే నాకు డెమోలు, అంటే మా బడిలో టీచర్ ఉద్యోగానికి వచ్చినవాళ్లు చెప్పే నమూనా పాఠాలు, చూసే డ్యూటీ పడుతుంది. బడులు మళ్లీ జూన్ 12న తెరిచేలోపు ఖాళీలు నింపాలి. మొన్న ఒకావిడ బయటికి వెళ్తూ "సారీ సార్, చాప్టర్ అవ్వలేదు" అంది, కళ్లలో నీళ్లు. పది నిమిషాల్లో అవ్వదని మాకు తెలీదా తల్లీ!

అపోహ: డెమోలో ఎక్కడా ఆగకుండా గడగడా చెప్పి పాఠం ముగించాలి.

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ ఏటా మంచి టీచర్లను ఇదే ముంచుతోంది. ఈమధ్య ఏడో తరగతిలో ఒకాయన బోర్డు మీద 1/2 + 1/3 వేసి ఎంత అని అడిగాడు. ఒక పిల్లాడు పైవి పైవి, కిందివి కిందివి కూడేసి 2/5 అన్నాడు. "రాంగ్, సిట్ డౌన్" అనేసి ఆయన ఎల్‌సీఎం (క.సా.గు.) లోకి వెళ్లిపోయాడు. పాఠం పూర్తయింది, ఇంగ్లీష్ అదిరింది, మేం తీసుకోలేదు. మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది, బీఎడ్ అప్పుడే అయింది, చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. పక్క సెక్షన్‌లో అదే లెక్క వేస్తే ఒక పాప అదే తప్పు చెప్పింది. ఈ అమ్మాయి కాసేపు ఆగి, "సగం దోసె తిన్నావు, పైన ఇంకో ముక్క కూడా తిన్నావు. 2/5 అంటే సగం కన్నా తక్కువే కదా, మరి తిన్నది తగ్గిందేంటి?" అంది. క్లాసంతా నవ్వారు. పాప మాత్రం బోర్డు వైపే చూసి, "నాదే తప్పు టీచర్" అంది. ఎల్‌సీఎం దాకా రాకుండానే టైమైపోయింది. ఉద్యోగం ఆ అమ్మాయికే ఇచ్చాం.

పిల్లలు లేని రోజు మేమే బెంచీల్లో కూర్చుని కావాలనే తప్పు జవాబులు చెప్తాం, అందుకే. ఇంట్లో పాఠం బట్టీ పట్టే బదులు ఆ పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పుతారో రెండు మూడు రాసుకుని రండి. నా మొదటి డెమోలో నేను బోర్డు వైపు తిరిగినవాణ్ణి తిరిగినట్టే ఉండిపోయాను, గది సగం ఖాళీ అయినా తెలీలేదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా. పాత టెట్ (టీచర్ అర్హత పరీక్ష) చెల్లదని భయపడకండి, ఏడేళ్ల గడువు 2021లోనే తీసేశారు. సర్కారు బడుల టీచర్లను తీసుకునే డీఎస్సీలో ఎస్‌జీటీ (ప్రైమరీ టీచర్), స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) పోస్టులకు ఇంటర్వ్యూయే లేదు, రాతపరీక్షకు 80, టెట్‌కు 20 వెయిటేజీ, అంతే, కాబట్టి "ఇంటర్వ్యూలో చూసుకుంటాం" అంటూ డబ్బడిగేవాళ్లను నమ్మొద్దు. జీతం అడిగితే ఏమనుకుంటారో అని నోరు మూసుకోకండి, వేసవి సెలవుల జీతం ఇస్తారో లేదో కూడా అడగండి.

ఒరిజినల్స్ బడిలో పెట్టి తీరాలన్నది కూడా అపోహే. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ తెచ్చేసుకోండి. నా బీఎడ్ సర్టిఫికెట్ ఒక బడి బీరువాలో రెండేళ్లు ఇరుక్కుపోయింది, ఈలోగా ఇంకో చోట మంచి జీతానికి పిలిస్తే అది చేతికి రాక వెళ్లలేకపోయాను.