కెల్టిక్ దేవతలు: అపోహలు - వాస్తవాలు

దేశదేశాల పురాణాలను పోల్చి చెప్పే తరగతిలో కెల్టిక్ దేవతల పాఠం మొదలుపెట్టినప్పుడల్లా నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "వీళ్లలో జ్యూస్ లాంటివాడు ఎవరండీ?" దేవతల రాజు జ్యూస్ ఉన్న గ్రీకు కథలు చదివి వచ్చినవారికి అది సహజమే. అయితే దారి తప్పడం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు సరిదిద్దిన నమ్మకాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కెల్టులందరికీ ఒకే దేవతా కుటుంబం, దానికి ఒక రాజు.

వాస్తవం: కెల్టులు అన్నది ఒక రాజ్యం పేరు కాదు. దగ్గరి చుట్టరికమున్న భాషలు మాట్లాడిన ఎన్నో తెగలకు ఇప్పుడు మనం వాడుతున్న ఉమ్మడి పేరు. నేటి ఫ్రాన్స్ ప్రాంతపు గాల్ ప్రజలు, బ్రిటన్ తెగలు, ఐర్లండ్ వారు ఎవరి దేవతలను వారు కొలిచారు. రోమన్ కాలపు శాసనాల్లో వందల పేర్లు దొరికాయి. వాటిలో చాలావరకు ఒకే ఒక్క చోట కనిపిస్తాయి. పోలేరమ్మను, మైసమ్మను, గంగమ్మను ఎరిగిన మనకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో వేడినీటి బుగ్గకు సూలిస్ అనే దేవత ఉండేది. రోమన్లు వచ్చి ఆమెను తమ మినర్వాతో కలిపేశారు. ఏదైనా వస్తువు పోతే, దొంగను శిక్షించమని సీసపు రేకు మీద రాసి భక్తులు ఆ నీటిలో వేసేవారు. అలాంటి రేకులు సుమారు 130 బయటపడ్డాయి. చేతి తొడుగులు పోయాయని మొరపెట్టుకున్న మనిషి కూడా ఉన్నాడు. సూలిస్ గురించి ఒక్క కథ కూడా మిగల్లేదు కానీ, ఆ రేకులు చదువుతుంటే ఆమెను నమ్ముకున్న మనుషులు కళ్లముందు నిలబడతారు.

అపోహ: కొమ్ముల దేవుడు కెర్నున్నోస్, మన పశుపతి ఒక్కరే.

వాస్తవం: తెలుగు పాఠకులు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. 1891లో డెన్మార్క్‌లోని గుండెస్ట్రుప్ దగ్గర ఒక బురద నేలలో పెద్ద వెండి పాత్ర దొరికింది. దాని మీద దుప్పి కొమ్ములున్న మూర్తి కాళ్లు మడిచి కూర్చుని ఉంటుంది. ఒక చేతిలో కంటె, మరో చేతిలో పొట్టేలు తల ఉన్న పాము, చుట్టూ జంతువులు. సింధు నాగరికత నాటి, కొమ్ములతో కూర్చున్న మూర్తి ఉన్న మొహెంజొదారో ముద్ర పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. నాకూ జలదరించింది.

కానీ రెంటికీ మధ్య సుమారు రెండు వేల ఏళ్ల దూరం ఉంది. ముద్ర మీది లిపిని ఇంతవరకు ఎవరూ నమ్మదగినట్టుగా చదవలేదు, పశుపతి అన్నది పరిశోధకులు తర్వాత పెట్టిన పేరు. వెండి పాత్ర మీద ఏ పేరూ లేదు. కెర్నున్నోస్ అనే పేరు పారిస్‌లో నోత్ర్ దామ్ చర్చి కింద 18వ శతాబ్ది మొదట్లో బయటపడిన ఒక రాతి స్తంభం మీద కనిపిస్తుంది. రోమన్ చక్రవర్తి టిబెరియస్ కాలంలో సెయిన్ నది పడవవాళ్లు నిలిపిన స్తంభం అది. ఆ పేరునే మనం కొమ్ములున్న ప్రతి మూర్తికీ తగిలించేస్తున్నాం.

నిజమైన చుట్టరికం కావాలంటే మాటల్లో వెతకండి. గుర్రాల దేవత ఎపోనా పేరులోని మొదటి భాగం, సంస్కృత 'అశ్వ' ఒకే మూలం నుంచి వచ్చాయి. ఐర్లండ్ దేవత బ్రిగిడ్ పేరుకు సంస్కృత 'బృహతి' తోబుట్టువు. రెండింటికీ ఉన్నతమైనది అనే అర్థం.

అపోహ: ఐర్లండ్ కథలు డ్రూయిడ్ల పవిత్ర గ్రంథాలు.

వాస్తవం: డ్రూయిడ్లు అంటే కెల్టుల పూజారులు, వారు తమ విద్యను రాయనివ్వలేదు. కొందరు శిష్యులు 20 ఏళ్ల పాటు పద్యాలు కంఠస్థం చేసేవారని జూలియస్ సీజర్ రాశాడు. ఆ గొంతులతోనే ఆ విద్య పోయింది. ఇప్పుడు మన చేతిలో ఉన్నవి క్రైస్తవ సన్యాసులు రాసిన ప్రతులు. ఐరిష్ గాథలున్న ప్రతుల్లో మిగిలినవాటిలో పాతది సుమారు 1100 నాటిది. వారు దేవతలను పూర్వకాలపు వీరులుగా, మంత్రవిద్య తెలిసినవారుగా మార్చి చెప్పారు. అయినా ప్రేమగా రాశారు, అందుకు నేను వారికి రుణపడి ఉన్నాను.

ఆ గాథల్లోని ఒక దేవుడు దాగ్దా. ఆ పేరుకు అర్థం 'మంచి దేవుడు'. ఇక్కడ మంచి అంటే సుగుణాలు కాదు, ఏ పనిలోనైనా గట్టివాడని. అతని దుడ్డుకర్ర ఒక కొస చంపుతుంది, రెండో కొస బతికిస్తుంది.

అపోహ: మోరిగన్ మృత్యుదేవత.

వాస్తవం: ఐర్లండ్ గాథల్లో ఈ దేవత యుద్ధభూమి మీద కాకి రూపంలో వాలుతుంది, నిజమే. కానీ ఐరిష్ వీరుడు కుహులిన్ కథ చదవండి. అతను తనను కాదన్నాడని ఆమె మలుగు చేపగా, తోడేలుగా, ఎర్ర చెవుల పెయ్యగా వచ్చి అతనితో తలపడుతుంది, మూడుసార్లూ గాయపడుతుంది. తర్వాత ఒక ముసలామె మూడు చన్నుల ఆవును పితుకుతూ కనిపిస్తుంది. దాహంతో సొమ్మసిల్లుతున్న కుహులిన్ పాలు అడుగుతాడు. గుక్క గుక్కకూ ఆమెను దీవిస్తాడు. ఒక్కో దీవెనకు ఒక్కో గాయం మానుతుంది. ఆ ముసలామె ఎవరో చెప్పనక్కర్లేదు. ఇంత కథను 'మృత్యుదేవత' అనే ఒక్క మాటలో కుదించడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: సావిన్ ఒక మృత్యుదేవుడి పేరు.

వాస్తవం: అది పండుగ పేరు, శీతకాలపు మొదలు. ఐరిష్ భాషలో నవంబరు నెలను ఇప్పటికీ అలాగే అంటారు.

అపోహ: బ్రిగిడ్ కన్య, తల్లి, వృద్ధ అనే మూడు రూపాల దేవత.

వాస్తవం: ఆ మూడు వయసుల పథకానికి ఇంత ప్రచారం తెచ్చింది 20వ శతాబ్దంలో రాబర్ట్ గ్రేవ్స్ అనే ఆంగ్ల కవి. సుమారు 900 నాటి ఐరిష్ నిఘంటువు చెప్పేది వేరు: బ్రిగిడ్ దాగ్దా కూతురు, కవుల దేవత. అదే పేరుతో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరానికి. వయసుల మాటే లేదు.

ఐర్లండ్ దేవతలు శత్రువులతో పోరాడిన మోయ్‌తురా యుద్ధగాథలో ఆమె ఇంకోలా కనిపిస్తుంది. కొడుకు రుయదాన్ శత్రుపక్షం తరఫున వచ్చి దేవతల కమ్మరి గొవ్నూను బల్లెంతో పొడుస్తాడు. గొవ్నూ అదే బల్లెం పెరికి తిరిగి విసురుతాడు, కుర్రవాడు పడిపోతాడు. తల్లి వచ్చి మొదట కేక పెడుతుంది, తర్వాత ఏడుస్తుంది. ఐర్లండ్‌లో శోకం వినబడడం అదే మొదటిసారి అని ఆ గాథ చెబుతుంది.