కదిలితే చాలదు: ఒంటితో నేర్పే పరికరాల మీద అపోహలు, వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడప బడుల్లో చాలాచోట్ల ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (చేత్తో తాకి వాడే పెద్ద డిజిటల్ తెరలు) వచ్చాయి. కొన్నింట్లో అటల్ టింకరింగ్ ల్యాబులూ (పిల్లలు పరికరాలతో సొంతంగా ప్రయోగాలు చేసే గదులు) ఉన్నాయి. వాటితో పిల్లల్ని నడిపిస్తూ, చేతులాడిస్తూ లెక్కలూ సైన్సూ నేర్పే ప్రాజెక్టు చేద్దామనుకునే టీచర్లకు, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇది పనికొస్తుంది.

అపోహ: పిల్లలు గెంతుతూ నేర్చుకుంటే పాఠం బాగా ఎక్కుతుంది.

జవాబు ఒప్పయితే గెంతు, తప్పయితే కూర్చో అనే ఆటలో గెంతుకీ లెక్కకీ సంబంధం లేదు. గెంతు తీసేసి బటన్ పెట్టినా ఆట అదే. కదలికలోనే భావన ఉండాలి. సీగ్లర్, గీతా రమణి 2009లో ప్రచురించిన పరిశోధనలో చిన్నపిల్లలతో 1 నుంచి 10 అంకెల గళ్ల ఆట ఆడించారు. గళ్లు తిన్నగా ఉన్న బోర్డు సంఖ్యల అవగాహన పెంచింది, గుండ్రంగా ఉన్నది అంతగా పెంచలేదు. అంకెలు రెంటిలోనూ అవే.

సంఖ్యారేఖకు సెన్సరు అక్కర్లేదు. వరండాలో నాపబండలు ఉంటే సుద్దముక్క, టేపు చాలు. అయితే అంకెను బండ మధ్యలో రాయకండి. అలా రాస్తే పిల్లలు వేసిన అడుగుల్ని కాక బండల్ని లెక్కపెడతారు, బయల్దేరిన బండను కూడా కలిపి ఒకటి ఎక్కువ చెబుతారు. బండల వెడల్పులూ ఒకేలా ఉండవు కాబట్టి వాటిని నమ్ముకోకుండా 45 సెం.మీ.కి ఒక గీత గీసి, గీత మీదే అంకె వేయండి. −5 నుంచి +5 వరకు నాలుగున్నర మీటర్లు పడుతుంది. కూడికైతే ముఖం కుడికి, తీసివేతైతే ఎడమకు. ధన సంఖ్యకు ముందుకు, రుణ సంఖ్యకు వెనక్కి నడవాలి. 2 − (−3) అంటే 2 మీద ఎడమకు తిరిగి మూడడుగులు వెనక్కి. పిల్ల 5 మీద ఆగుతుంది. రుణం తీసివేస్తే ఎందుకు పెరుగుతుందో అక్కడే అడగాలి. నడిపించి వదిలేస్తే అది నడకగానే మిగులుతుంది.

అపోహ: వీఆర్, మోషన్ కెమెరా లేకుంటే కుదరదు.

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ కోసం చేసిన కినెక్ట్ అనే మోషన్ కెమెరా తయారీ 2017లోనే ఆగిపోయింది. పైగా ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పనిచేసే అలాంటి కెమెరాలు ఎండ పడే వరండాలో తడబడతాయి. తొమ్మిదో తరగతి దూరం–కాలం గ్రాఫుకు హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సరు (శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో దూరం కొలిచేది), ఒక ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాము ఎక్కించే చిన్న బోర్డు) సరిపోతాయి. పిల్లవాడు నడుస్తుంటే తెర మీద గీత పడుతుంది. "గీత కిందికి దిగిందంటే గుట్ట దిగాడు" అని గ్రాఫును బొమ్మలా చదివే పొరపాటు ఇక్కడే బయటపడుతుంది, ఎందుకంటే నేల చదునుగానే ఉంది!

చెడేది ఎక్కడంటే:

సెన్సరు పంపేది 40 కిలోహెర్ట్జ్ శబ్దం. వదులు బట్టలు దాన్ని సరిగా తిప్పి పంపవు, రీడింగు ఎగిరెగిరి పడుతుంది. 40 సెం.మీ. చదరపు గట్టి అట్ట పిల్లవాడి ఛాతీ ముందు నిటారుగా పట్టించండి. సెన్సరునూ అదే ఎత్తులో పెట్టండి, బెంచీలు దారిలో లేకుండా చూడండి. నడవలేని పిల్లలు బల్ల మీద అట్టను జరిపినా గ్రాఫు అలాగే వస్తుంది.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి ఇంకో తంటా. శబ్ద వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర సుమారు 355. ప్రోగ్రాములో 343 అనే ఉంచితే 3 మీటర్ల దూరం 2.9గా కనిపిస్తుంది. పిల్లలు టేపుతో కొలిస్తే పరికరం మీద నమ్మకం పోతుంది. ఉష్ణోగ్రతను బట్టి ఆ అంకె మార్చండి.

ఈఎస్‌పీ32 అనే బోర్డును ఆర్డుయినో బదులు వాడితే, సెన్సరు ఎకో పిన్ నుంచి వచ్చే 5 వోల్టులను నేరుగా ఇవ్వకూడదు. 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో 3.3కి దించాలి.

రీడింగుల్ని తెర మీద గ్రాఫుగా గీసే ఆర్డుయినో సీరియల్ ప్లాటర్ నిలువు స్కేలును దానంతటదే మార్చుకుంటుంది. పిల్లవాడు కదలకుండా నిలబడినా అర సెంటీమీటరు తేడా పెద్ద కొండల్లా కనిపిస్తుంది, పాఠం తలకిందులవుతుంది. ప్రతి రీడింగుతో పాటు 0, 400 అనే రెండు స్థిర విలువల్ని కూడా ప్రింట్ చేస్తే స్కేలు నిలుస్తుంది.

అపోహ: గ్రాఫు కాస్త ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదు.

బ్రాసెల్ 1987 పరిశోధనలో గ్రాఫును 20–30 సెకన్లు ఆలస్యంగా చూపితే లాభం దాదాపు పోయింది. నునుపు కోసం 20 రీడింగుల సగటు తీసుకుంటే, 60 మిల్లీసెకన్ల విరామంతో సెకను పైనే పోతుంది. మూడు రీడింగుల్ని వరసలో పెడితే మధ్యలో వచ్చే విలువ (మీడియన్) చాలు.

అపోహ: కొందరు పిల్లలు కదిలితేనే నేర్చుకుంటారు, మిగతావాళ్లకు అక్కర్లేదు.

అభ్యసన శైలిని బట్టి పిల్లల్ని విడదీసి బోధిస్తే మేలనడానికి సరైన ఆధారం లేదని 2008లో పాష్లర్ బృందం తేల్చింది. కదలిక అవసరమా కాదా అన్నది భావనను బట్టి ఉంటుంది.

అపోహ: ఒళ్లంతా కదలాలి, చేతి సైగలు లెక్కలోకి రావు.

సుసాన్ గోల్డిన్-మెడో బృందం 2008 ప్రయోగంలో సమీకరణాలు నేర్చుకుంటూ సైగ చేసిన పిల్లలు నాలుగు వారాల తర్వాత కూడా నిలుపుకున్నారు. మాటతోనే నేర్చుకున్నవాళ్లు అంతగా నిలుపుకోలేదు. కాబట్టి వీడియో తీసేటప్పుడు కెమెరా తెర వైపు కాదు, చేతులు కనిపించేలా పక్కన పెట్టాలి.

అపోహ: పిల్లలు హుషారుగా ఆడారు, మార్కులు పెరిగాయి, అంటే పనిచేసినట్టే.

కొత్త వస్తువంటే ఎవరికైనా హుషారే. పోల్చే సెక్షనుకు కూడా అదే టీచరు, అంతే సమయం, అవే లెక్కలు ఉండాలి. తేడా కదలిక ఒక్కటే కావాలి. పరీక్ష కాగితం మీద పెట్టండి, ఆటలో రాని లెక్కలివ్వండి, నాలుగు వారాల తర్వాత మళ్లీ పెట్టండి. సైగల్ని ఇద్దరు విడివిడిగా గుర్తించి, కోహెన్ కప్పాతో (అనుకోకుండా కలిసినవాటిని తీసేసి ఇద్దరి ఏకీభావం ఎంతో చూపే కొలత) పోల్చాలి. ఒకే సైగ ఎక్కువసార్లు వస్తుంటే యాదృచ్ఛికంగా కూడా ఇద్దరి జవాబులూ కలుస్తాయి, ఉత్త శాతం మోసం చేస్తుంది.

వీడియోకు తల్లిదండ్రుల అనుమతి ముందే, తెలుగులో, చదవలేనివాళ్లకు చదివి వినిపించి తీసుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపువాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. ఆ క్లిప్పులు బడి వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు.